పంతులుగారి ప్రకటన కళ

దేశోద్ధారకుడిగా ప్రసిద్ధులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లాలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, కలకత్తాలో మందుల వ్యాపారపు మెలకువలు గ్రహించి, బొంబాయి చేరారు. అక్కడే 1893లో అమృతాంజనం తయారీకి పూనుకొన్నారు.

ఆ పేరును ఒక్కసారి పరిశీలించాలి. అంజనం కంటికి పెట్టుకొనే కాటుక. అమృతం దేవతల ఆహారం. నుదుట రాసుకొనే లేపనానికి ఆహారం పేరెందుకు? క్షీరసాగర మథన కథ విన్న ఏ ఇంటిలోనైనా ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. వాదం మొదలుకాకముందే పేరు సగం ఒప్పించింది.

మిగిలిన సగమే కష్టం. ఎరుగని మందును డబ్బిచ్చి కొనేదెవరు? పంతులుగారు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచారు. స్థలం ఎంపికలోనే నేర్పు ఉంది. గంటల తరబడి ఒకచోట కూర్చున్న రసికులు, చేతిలో తీరిక, పక్కన పరిచయస్థులు. ఒకరు రాసుకొంటే పదిమంది చూస్తారు. ఇటువంటి లేపనాలలోని మెంథాల్ చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నాడులను తాకుతుంది. క్షణాలలో నుదురు చల్లబడినట్లు తోస్తుంది. అమ్మేవాడు చెప్పనవసరం లేదు, కొనేవాని శరీరమే సాక్షి.

నేటి ఆహార ప్రకటనలూ ఈ బాటనే నడుస్తున్నాయి. కొడవలూరు వంటి ఊరి చిన్న దుకాణంలోనూ రంగురంగుల పొట్లాలు వేలాడుతుంటాయి. ఇంపైన పేరు, ఉచితంగా ఒక చిన్న పొట్లం, పదేపదే కంటబడే బొమ్మ. అయితే ఇక్కడ ఒక భేదముంది. నాలుక రుచికి మాత్రమే సాక్ష్యమివ్వగలదు. బలం, ఎదుగుదల, ఆరోగ్యం అన్న మాటలు నిజమో కాదో నాలుకకు తెలియదు. రుచి నిజమైనందున తక్కిన మాటలూ నిజమే అనిపించడం ఆ ప్రకటనల అసలు బలం. అందుకే 2006 నాటి ఆహార భద్రతా చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించింది.

పంతులుగారికి పేరు నిత్యం కంటబడవలసిన అవసరం బాగా తెలుసు. 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడిన ఆంధ్ర పత్రిక 1914లో మద్రాసు నుండి దినపత్రిక అయింది. పత్రికకు అమృతాంజనం ధనమిచ్చింది; అమృతాంజనానికి పత్రిక ప్రచారమిచ్చింది. ఏది దేనికి సేవ చేసిందో వేరుచేసి చెప్పడం కష్టం. పత్రికను కేవలం మందుల ప్రకటనగా మాత్రం ఆయన చూడలేదు. స్వాతంత్ర్యోద్యమానికి, తెలుగువారి ప్రత్యేక రాష్ట్ర వాంఛకు అది గొంతునిచ్చింది. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక వచ్చింది. ఆంధ్ర గ్రంథమాల పేరిట మంచి గ్రంథాలు తక్కువ వెలకు అచ్చయ్యాయి. 1938లో పంతులుగారు పరమపదించేనాటికి, తలనొప్పి మందుపై వచ్చిన సొమ్ములో ఎంతో భాగం ఆ పుస్తకాలుగా తెలుగు ఇళ్లలోని బీరువాలకు చేరింది.