మొదటి సాలార్‌జంగు

హైదరాబాదు పాతబస్తీలోని దివాన్ దేవిడీ మొదటి సాలార్‌జంగు నివాసం. ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో జన్మించి, 24వ ఏట, 1853లో నిజాం సంస్థానానికి దివానైనాడు. అప్పటికి ఖజానా శూన్యం. ప్రత్తి పండే బేరారు ఆ సంవత్సరమే ఆంగ్లేయుల అధీనమైంది. రెవెన్యూ, న్యాయ, పోలీసు శాఖలను సంస్కరించి రాజ్యాన్ని నిలబెట్టినా, బేరారు లోటు ఆయన మనస్సును వీడలేదు.

1876లో ఆ ఆశతోనే ఐరోపాకు పయనమైనాడు. పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగినా లండను చేరాడు. సన్మానాలు లభించాయి; బేరారు లభించలేదు.

ఆ యాత్రలోనే, రోములో, బెంజోని మలచిన మేలిముసుగు రెబెకా పాలరాతి ప్రతిమను కొన్నాడు. తెలుగు బైబిలులో ఈమె పేరు రిబ్కా. బావివద్ద అపరిచితునికీ, అతని ఒంటెలకూ నీరు తోడిపోసిన దయాశీల. వరుడైన ఇస్సాకును దూరాన చూడగానే ముసుగు కప్పుకొన్నది. కనుక ఆ ముసుగు లజ్జకే కాదు, వధూత్వానికీ చిహ్నం. ప్రాచీన క్రైస్తవ వ్యాఖ్యాతలు మరింత ముందుకు వెళ్లి, ఆమెను క్రీస్తుకు వధువైన సంఘానికి ప్రతీకగా గ్రహించారు. ఉన్నది రాయి ఒక్కటే. అయినా పలుచని వస్త్రం చాటున వాలిన కనురెప్పలు కనిపిస్తాయి! పరదా మర్యాద నెరిగిన నగరానికి ఆమె పరాయిదిగా తోచకపోవడం సహజమే.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగు మరణించాడు. దాయరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉన్నది. రెబెకా ప్రతిమ, మనుమడైన మూడవ సాలార్‌జంగు సేకరణలతో కలిసి, 1951లో దివాన్ దేవిడీలోనే తెరచిన మ్యూజియంలో చేరి, 1968లో మూసీ ఒడ్డున నూతన భవనానికి తరలింది.