గాలికి గురువు: పౌల్ లా కూర్

నేడు సముద్రంలో గాలిమరలు నాటుతున్న దేశాలన్నీ ఏదో ఒక రూపంలో ఒక పల్లెటూరి బడిపంతులుకు ఋణపడి ఉన్నాయి. ఆయన పేరు పౌల్ లా కూర్. డెన్మార్కు దేశస్థుడు. 1846 ఏప్రిల్ 13న యూట్లండ్ ద్వీపకల్పంలోని ఎబెల్టాఫ్ట్ సమీపాన జన్మించారు.

కోపెన్‌హేగన్‌లో చదువు ముగించి, 1872లో కొత్తగా ఏర్పడిన డెన్మార్కు వాతావరణ సంస్థలో ఉప అధిపతి పదవిని అందుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. ఒకే తంతి తీగపై ఏకకాలంలో పలు వార్తలను పంపే పద్ధతిని, శ్రుతిదండపు కంపనాలను అనుసరించి తిరిగే చక్రాన్ని ఆ దశకంలోనే కనుగొన్నారు. కీర్తి, ధనం రెండూ అందుబాటులోకి వస్తున్న వేళ, 1878లో రాజధానిని విడిచి ఆస్కోవ్ అనే పల్లెలోని జానపద ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించడానికి వెళ్ళిపోయారు.

ఈ ఆస్కోవ్ కథ సరిహద్దు ప్రాంతాల పాఠకులకు వేరే వివరించనక్కరలేదు. 1864 యుద్ధంలో ఓడిన డెన్మార్కు తన దక్షిణ భాగాన్ని కోల్పోయింది. అక్కడి రోడింగ్ పట్టణంలో 1844 నుంచి డేనిష్ భాషలో రైతుబిడ్డలకు చదువు చెబుతున్న పాఠశాల పరాయి ఏలుబడిలోకి పోయింది. ఆ పాఠశాల వారసత్వాన్ని నిలుపుకోవడానికే, కొత్త సరిహద్దుకు ఇవతల, 1865లో ఆస్కోవ్ పాఠశాల వెలసింది. అమ్మభాషను కాపాడుకోవడానికి పుట్టిన బడిలోనే గాలి విద్యుత్తు శాస్త్రం రూపుదిద్దుకోవడం యాదృచ్ఛికమని ఈ వ్యాసకర్త భావించడం లేదు. విద్యుత్తు నగరాలకే పరిమితమైతే పల్లె యువకులు పట్నాలకు తరలిపోతారన్నది లా కూర్ చింత. డెన్మార్కులో బొగ్గు గనులు లేవు, పెద్ద జలపాతాలు లేవు. ఉన్నదల్లా గాలి.

1891లో ప్రభుత్వ ధనసహాయంతో ఆస్కోవ్‌లో ప్రయోగాత్మక గాలిమర నిర్మించారు. వెంటనే రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, గాలి ఒక్క తీరున వీచదు. వేగం మారినా డైనమో నిలకడగా తిరిగేందుకు ఆయన క్రాటోస్టాట్ అనే నియంత్రణ సాధనాన్ని కల్పించారు. రెండవది, గాలి లేనినాడు వెలుతురు ఎట్లా? విద్యుత్తుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్‌ను తొట్టెలలో నిలువచేసి, దానితో పాఠశాల దీపాలు వెలిగించారు. 1895 నుంచి 1902 వరకు ఆ బడి ఈ దీపాల కాంతిలోనే నడిచింది. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసినప్పుడు పేలుళ్ళు సంభవించి కిటికీల అద్దాలు పగిలేవి. అద్దాలు మార్పించి, ప్రయోగం కొనసాగించారు. అయినా హైడ్రోజన్‌తో నడిచే ఇంజను ఆయనకు సంతృప్తికరంగా సిద్ధించలేదు. చివరకు బ్యాటరీలనే ఆశ్రయించవలసి వచ్చింది.

1897లో మరింత పెద్ద మర లేచింది. గాలిసొరంగంలో నమూనా రెక్కలను పరీక్షించి, ఎక్కువ రెక్కలతో నెమ్మదిగా తిరిగే మరకంటె తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే మరే విద్యుదుత్పత్తికి మేలని తేల్చారు. తరతరాల మిల్లు పనివారి నమ్మకానికి ఇది విరుద్ధం. 1903లో గాలి విద్యుత్తు సంఘాన్ని స్థాపించి, మరుసటి ఏడు పల్లె యువకులకు విద్యుత్ పనిలో శిక్షణ ప్రారంభించారు. 1908 ఏప్రిల్ 24న ఆస్కోవ్‌లోనే కన్నుమూశారు.

1918 నాటికి డెన్మార్కులో సుమారు 120 గ్రామీణ విద్యుత్కేంద్రాలకు గాలిమరలున్నాయి. ఆ తరువాత చవక చమురు, పెద్ద విద్యుత్కేంద్రాలు వాటిని మూలకు నెట్టాయి. యంత్రాలు పోయినా, నేర్పిన విద్య పోలేదు. 1904 శిక్షణలో కూర్చున్న యోహానెస్ యూల్ అనే శిష్యుడు 1957లో గేడ్సర్ తీరాన 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిలబెట్టాడు. అది పదేళ్ళకు పైగా పనిచేసి, తరువాతి తరం మరలకు మాతృక అయింది.

1991లో అదే ప్రాంతంలో, లోలాండ్ ద్వీపానికి ఎదురుగా, విండేబీ వద్ద ప్రపంచంలోనే మొట్టమొదటి సముద్ర గాలి విద్యుత్ క్షేత్రం వెలిసింది. లోతు తక్కువైన నీటిని, ఒడ్డుకు మూడు కిలోమీటర్ల లోపు స్థలాన్ని ఎంచుకున్నారు. కాంక్రీటు పునాదులపై పదకొండు మరలు నిలిపారు. ఒక్కొక్కటి 450 కిలోవాట్లు. ఉప్పుగాలి లోపలికి చొరబడకుండా యంత్రగృహాలను బిగించారు. మొత్తం ఐదు మెగావాట్లు కూడా లేని ఆ క్షేత్రం సొమ్ము చేసుకోవడానికి కాదు, నేర్చుకోవడానికి కట్టినది. ఆస్కోవ్ ప్రయోగ గాలిమర ధోరణే ఇక్కడా కనిపిస్తుంది. 2017లో దానిని విప్పివేశారు.

మన వైపు చూస్తే, తమిళనాడులోని కయత్తారులో గాలిమరల పరీక్షా కేంద్రం డెన్మార్కు సాంకేతిక సహకారంతోనే ఏర్పడింది. 1799లో తెలుగింటి వీరుడు కట్టబ్రహ్మనను ఆంగ్లేయులు ఉరితీసిన ఊరు అదే. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సముద్ర గాలి విద్యుత్తుకు 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన 500 మెగావాట్లు ప్రతిపాదించారు. గాలి లేనినాటికి విద్యుత్తును దాచిపెట్టడమెట్లా అన్న ఆస్కోవ్ పంతులుగారి ప్రశ్న ఆ ప్రణాళికకర్తల ముందు కూడా ఉన్నది.