తొవ్వ రాసి పెట్టిన వీరాస్వామయ్య



ఈ నెల గోడపత్రికకు ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమని తెలుగు సారు నాకు చెప్పిండు. కొమురం భీం గారి గురించి పోయిన నెల అక్కలు బాగ రాసిండ్రు. నేను ఏనుగుల వీరాస్వామయ్య గారి గురించి రాస్తున్న. ఈయన యుద్ధం చెయ్యలేదు. నడిచిన తొవ్వను కాగితం మీద రాసి పెట్టిండు. మా గూడెంలో తొవ్వ అంటం, పుస్తకంలో దారి అని ఉంటది. నేను రెండూ రాస్త, తప్పుగ అనుకోవద్దు.

వీరాస్వామయ్య గారు సుమారు 1780లో పుట్టిండు. ఉన్నది మద్రాసు పట్నంలో. చిన్నప్పుడే తండ్రి చనిపోయిండు. అయినా చదువు ఇడవలేదు. ఇంగ్లీషు బాగ నేర్చుకున్నడు. మనలో ఆరో ఏడో తరగతి పిల్లలకు ఉండేటంత వయసులోనే ఒక ఆఫీసుల జీతం లేకుండ పని నేర్చుకోవడానికి చేరిండు. అట్ల మెల్లమెల్లగ పైకి వచ్చి మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ అయ్యిండు. దుబాసీ అంటే ఒకరి భాష ఇంకొకరికి తెలిసేటట్టు చెప్పే మనిషి. మొదటిసారి బ్యాంకుకు పోయినప్పుడు మా బాపు గోండీలో చెప్పింది నేను తెలుగులో సారుకు చెప్పిన. అప్పుడు నేను కూడా దుబాసీనే అన్నట్టు.

1830 మే 18 నాడు ఆయన కాశీకి బయలుదేరిండు. అప్పటికి ఆయనకు యాభై ఏండ్లు. మన దేశంలో మనుషులు ఎక్కే మొదటి రైలు నడిచింది 1853లో. అంటే ఈయన పోయిననాటికి రైలు లేదు, బస్సు లేదు. ఇంటివాళ్ళు, పనివాళ్ళు, బోయీలు అందరు కలిసి వంద మంది దాక ఉన్నరు. బోయీలంటే పల్లకీ మోసేవాళ్ళు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగ వచ్చిండ్రు. హైదరాబాదు దాటినంక ఎటు పోయిండ్రో తెలుసా? మన దిక్కే వచ్చిండ్రు! గోదావరి దాటి, నిర్మల్ మీదుగ, ఆదిలాబాదు మీదుగ నాగపూర్ పోయిండ్రు. సారు ఈ ముచ్చట చెప్పినప్పుడు క్లాసు అంత ఒక్కసారి లేచి కూర్చున్నది. మన ఖానాపూర్ 2016 దాక ఆదిలాబాద్ జిల్లాలో ఉండె, ఇప్పుడు నిర్మల్ జిల్లా. అంటే రెండు వందల ఏండ్ల కింద ఆయన మన జిల్లాలో నడిచిపోయిండన్నట్టు.

నిర్మల్ దాటినంక గుట్టలు, ఘాటు, అడవి ఉంటయి. ఇప్పుడు లారీలు ఉరికే పెద్ద రోడ్డు ఉన్నది. అప్పుడు అది అడవి తొవ్వ. పైగ వాళ్ళు మన దిక్కు వచ్చింది వానాకాలంలో. వానాకాలంలో వాగు ఎట్ల ఉంటదో మనకు ఎవరూ చెప్పే పనిలేదు. వంద మంది, సామాను, ముసలోళ్ళు, ఆడవాళ్ళు. ఎక్కడ ఆగాలె, ఎక్కడ నీళ్ళు దొరుకుతయి, ముందల ఊరు ఎంత దూరం, ఇదంత తెల్వకపోతే పాణాలకే ముప్పు.

వీరాస్వామయ్య గారు చేసిన గొప్ప పని ఇక్కడ ఉన్నది. ఆయన రోజూ రాసుకున్నడు. ఈ ఊరికి ఆ ఊరికి ఎంత దూరం, దారిలో రాళ్ళా బురదా, వాగు ఉందా, మంచినీళ్ళు ఉన్నయా, దుకాణాలు ఉన్నయా, దిగడానికి జాగా ఉందా, అక్కడి మనుషులు ఏం పండిస్తరు, ఎట్ల బతుకుతరు, అన్నీ రాసిండు. మద్రాసులో ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె అనే స్నేహితుడు ఉండె. ఆయనకు ఉత్తరాలుగా పంపిండు. తాను తిరిగి వస్తనో రానో తెలియని ప్రయాణంలో, వెనుక వచ్చేవాళ్ళ కోసం ఆలోచించిండు. నాకు ఇది చాల నచ్చింది.

ఇంకొక సంగతి. అప్పటి పండితులు కష్టమైన తెలుగు రాసేవాళ్ళు. ఈయన మాత్రం మనుషులు మాట్లాడుకునే మాటల దగ్గరగ రాసిండు. ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు కూడా కలిపిండు. దారి చెప్పేటప్పుడు మాట అర్థం కావాలె కదా. పెద్ద పెద్ద మాటలు రాస్తే వినేవాడు వాగులో పడుతడు.

కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకొని, సముద్రం పక్క జిల్లాల నుంచి 1831 సెప్టెంబర్ 3 నాడు మద్రాసు చేరిండు. పదిహేను నెలల పైన పట్టింది. 1836లో ఆయన చనిపోయిండు. ఆ స్నేహితుడు శ్రీనివాసపిళ్ళె గారు ఊరుకోలేదు. ఆ రాతలన్నీ 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా అచ్చు వేయించిండు. తెలుగులో మొదటి యాత్రల పుస్తకం ఇదే అని పెద్దలు అంటరు. రాసినాయన ఒకరు, దాచినాయన ఒకరు. ఇద్దరూ లేకపోతే మనకు ఈ సంగతి తెలిసేది కాదు.

కాని నాకు ఒక బాధ కూడా ఉన్నది. పుస్తకం అట్ట మీద వీరాస్వామయ్య గారి పేరు ఉన్నది. పల్లకీ మోసిన బోయీల పేర్లు లేవు. వాగు ఇక్కడ లోతు, అక్కడ దాటాలె అని ఏ ఊరివాళ్ళో చెప్పే ఉంటరు. అట్ల చెప్పినవాళ్ళలో మన ముత్తాతలు కూడా ఉన్నరేమో. వాళ్ళకు తొవ్వ తెలుసు గాని రాయడం తెల్వదు. తొవ్వ నోట్లో ఉంటే ఆ మనిషితోనే పోతది. కాగితం మీద ఉంటే ఉంటది.

ఇది ఎందుకు రాస్తున్ననంటే, పోయిన వానాకాలం మీకు గుర్తుంది కదా. ఆరో తరగతి చెల్లెకు జ్వరం మస్తు వచ్చింది. దవాఖానకు అయితే తీసుకపోయిండ్రు. కాని పిల్ల అవ్వ కావాలె, బాపు కావాలె అని ఒకటే ఏడుపు. వాళ్ళ గూడెంలో ఫోన్ సిగ్నల్ రాదు. వాచ్‌మన్ తాత సైకిల్ మీద పోయిండు. రెండు తొవ్వలు చీలిన కాడ ఎటు పోవాలనో తెల్వక, వాన పడుతుంటే, చీకటైనంక తిరిగి వచ్చిండు. తాత తప్పు ఏం లేదు. తొవ్వ తెలిసిన ఒక్క పిల్ల జ్వరంతో పండుకొని ఉండె. వాళ్ళ బాపు మూడో రోజు వచ్చిండు. చెల్లె బతికింది, మంచిగనే ఉన్నది. కాని ఆ రెండు రాత్రులు నేను పక్కన కూర్చున్న. మరిచిపోను.

అందుకని వార్డెన్ మేడంను అడిగి ఈ గోడపత్రిక కింద సుతిలితో ఒక నోటుబుక్కు కట్టిన. అందరు తమ తమ గూడెం తొవ్వ అందులో రాయాలె. బస్సు ఎక్కడ దిగాలె, ఎన్ని వాగులు, ఏ వాగు వానకు బంద్ అయితది, చీలిన కాడ ఏ గుర్తు, ఎవరింట్లో నీళ్ళు అడగొచ్చు, ఏ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తది.

మొదటి పేజీ నాదే. దసరా సెలవుల్లో మా బాపును అడిగి రాసిన. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే. బాపు చెట్ల లెక్కన చెప్పిండు. జోడు ఇప్పచెట్ల కాడ ఎడమకు తిరగాలె, పెద్ద బండ వచ్చేదాక వాగు ఒడ్డుననే పోవాలె అని. నేను రాసుకుంటుంటే బాపు రెండుసార్లు ఆపి చదివించుకున్నడు. ఒక కాడ నేను తప్పు రాసిన, బాపు దిద్దించిండు. పేజీ కింద చెప్పింది బాపు అని ఆయన పేరు, రాసింది నేను అని నా పేరు పెట్టిన. మీరు కూడా ఎవరు చెప్పిండ్రో వాళ్ళ పేరు రాయండి.

రాయడం ఇంకా బాగ రాని చిన్న చెల్లెళ్ళు రాత్రి స్టడీ అవర్ అయినంక నా కాడికి రండి. మీరు చెప్పండి, నేను రాస్త. ఆ జ్వరం వచ్చిన చెల్లె తొవ్వ రెండో పేజీలో ఉన్నది. మొన్న ఆదివారం తనే దగ్గర కూర్చొని చెప్పింది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, ఖానాపూర్.