రాజా దీన్ దయాళ్ - గాజు పలకల మీద మన హైదరాబాదు

తమ్ముళ్ళూ, మన హాస్టల్లో గ్రూపు ఫోటో తీసే రోజు ఎంత సందడో మీకు తెలియనిది కాదు. వార్డెన్ సారు మధ్య కుర్చీలో, వంట మనుషులు ఒక పక్కన, పొడుగువాళ్ళం వెనక బెంచీల మీద. ఫోటో తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నవాడికి ఆ ఏడాదంతా ఎగతాళి తప్పదు. నేను చదివిన రోజుల్లో ఒక్క క్షణం కదలకుండా నిలబడటమే మాకు గగనంగా ఉండేది. అలాంటిది, నూటముప్పై ఏళ్ళ క్రితం ఏనుగు అంబారీలనూ, సంత జనాన్నీ, చార్మినార్ వీధినీ కెమెరా ముందు నిలిపిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే రాజా దీన్ దయాళ్. పీజీలో చేరాక లైబ్రరీలో ఆయన ఫోటోల పుస్తకం ఒకటి నా చేతికి దొరికింది. అప్పటినుంచీ ఆయన గురించి మన పత్రికలో రాయాలని అనుకుంటున్నాను.

ఆయన తెలుగువారు కారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో, నగల వ్యాపారం చేసుకునే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో (ఈనాటి ఐఐటీ రూర్కీ అదే) చదివి 1866లో బయటికొచ్చారు. ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసే, ప్లాన్లు గీసే ఉద్యోగం దొరికింది. కట్టడాన్ని చూడగానే దాని కొలతలు, నీడలు, వంపులు కంటికి ఆనే అలవాటు ఆయనకు ఆ బల్ల దగ్గరే అబ్బిందని నా నమ్మకం. ఆయన తీసిన కోటల, గుడుల ఫోటోలు చూస్తే గోడ ఎక్కడా ఒరిగినట్టు ఉండదు.

1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. అప్పటికి వయసు ముప్పై. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరూ, ఆ ప్రాంతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో ఇంగ్లండు యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆయనను ఫోటో తీసే అవకాశం కూడా దొరికింది.

ఇక్కడ ఆనాటి ఫోటో పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. ఫిల్ము రోలు లేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవం పోసి, దాన్ని సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. ఆ వెంటనే అక్కడే చీకట్లో కడగాలి. అంటే ఊరి బయట గుడి ఫోటో కావాలంటే చీకటి గుడారం, మందుల సీసాలు, గాజు పలకల పెట్టెలు, నీళ్ళు అన్నీ బండి మీద వేసుకుని పోవాలి. ఎండాకాలంలో అయితే మందు ఇట్టే ఆరిపోతుంది. 1880 తర్వాత పొడి పలకలు రావడంతో ఈ బాధ కొంత తగ్గింది. కాగితం మీద ప్రింటు వేయడానికి కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగటివ్ కింద పెట్టి ఎండలో ఉంచేవారు. వెలుతురు తగ్గితే కెమెరా మూత ఇంకాసేపు తెరిచి ఉంచాలి. ఆలోగా కదిలినవాడు మసకబారతాడు, ఆగకుండా నడిచిపోయినవాడు పొగలా మిగులుతాడు, ఒక్కోసారి అసలే కనబడడు. పాతకాలపు వీధి ఫోటోలు కొన్ని ఖాళీగా కనిపించడానికి ఇదొక కారణం. జనం లేక కాదు, జనం ఆగక!

ఇప్పుడు మనందరికీ పట్టే మాట. దీన్ దయాళ్ గారిది ప్రభుత్వ ఉద్యోగం. నెల తిరిగితే జీతం వచ్చే ఉద్యోగం. 1880ల మధ్యలో ఆయన మొదట సెలవు పెట్టి, తర్వాత దాన్ని వదిలేశారు. ఉద్యోగం వస్తేనే ఇల్లు నిలబడుతుందనుకునే ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం మనం. మా అమ్మకు ఈ సంగతి చెబితే, ఆయనకు బుద్ధి ఉందా అని నన్నే నిలదీసింది. అమ్మది తప్పని నేను అనను. ఆయన వెనక మహారాజులూ, దొరలూ ఉన్నారు. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఫోటోగ్రాఫరుగా నియమించాడు. వెనక ఎవరూ లేనివాడు ఆయనలా దూకగలడా అనే ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆ రోజుల్లోనే ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా తీసుకున్నాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో వెలిసింది. నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన మీద నిజాం ఉర్దూలో పద్యం కూడా చెప్పాడు. చార్మినార్, గోల్కొండ, చౌమహల్లా, ఫలక్‌నుమా, సైన్యం కవాతులు, విందులు, వేటలు అన్నీ ఆయన గాజు పలకల్లోకి ఎక్కాయి.

1892లో ఆయన చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. పరదా వెనక ఉండే స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టారు. మగవాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాన్ని నడిపారు. కాకపోతే అక్కడ ఫోటో దిగింది గొప్పింటి స్త్రీలే. మా జేజి జీవితంలో దిగింది ఒక్క ఫోటో, అదీ రేషను కార్డు కోసం!

1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి తరఫున రాజముద్ర అనుమతి వచ్చింది. పని పెరిగింది, కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ చేతికి అందివచ్చారు.

1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వేటకు వచ్చినప్పుడు వరంగల్లు దగ్గర నెక్కొండలో తీసిన ఫోటో చాలా ప్రసిద్ధం. దొర, దొరసాని, చచ్చిన పులి. దొర పేరు ఈనాటికీ అందరికీ తెలుసు. అడవిలో చప్పుళ్ళు చేసి పులిని తుపాకీ ముందుకు తోలిన పల్లెజనం పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

అయితే ఆ స్టూడియో వాళ్ళు తీసిన ఇంకోరకం ఫోటోలు ఉన్నాయి. 1899-1900 కరువుకాలంలో, అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న ఔరంగాబాదు వైపు, సర్కారు చేసిన కరువు సహాయాన్ని ఫోటోలు తీశారు. సర్కారు తన మంచితనం చూపించుకోవడానికే వాటిని తీయించింది, అందులో దాపరికం లేదు. కానీ కెమెరా ముందు ఉన్నది ఎముకలు తేలిన పిల్లలు, ఒంటిమీద పేలికలతో ఉన్న ఆడవాళ్ళు. అంతకు ముందే 1876-78 ధాత కరువు మన నెల్లూరు జిల్లా మీదుగా పోయింది. మన దుత్తలూరు, ఉదయగిరి మెట్ట పల్లెల్లో బావులు ఎండినప్పుడల్లా ముసలివాళ్ళు ఆ కరువు పేరెత్తేవారు. ఆ కరువులో పోయినవాళ్ళ మొహాలు మన ఇళ్ళలో ఎవరి దగ్గరా లేవు. అందుకే ఔరంగాబాదు ఫోటోలో కూర్చున్న ముసలాయనను చూస్తే నాకు పరాయివాడిలా అనిపించలేదు. కదలకుండా ఉన్నాడు కాబట్టి ఆయన మొహం స్పష్టంగా పడింది. కదిలే ఓపిక లేకనే అలా ఉన్నాడేమో.

1904లో ధరమ్‌చంద్ చనిపోయాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న దీన్ దయాళ్ గారు కన్నుమూశారు. ఇంకో మూడేళ్ళకు, 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నది ఒడ్డున పాత పేటలు కొట్టుకుపోయాయి. వరదకు ముందటి హైదరాబాదును చూడాలంటే ఈనాటికీ ఆయన ఫోటోలే పెద్ద దిక్కు.

స్టూడియో ఆ తర్వాత మెల్లగా తగ్గిపోయింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగటివులు 2,857 సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు వేసింది.

మన హాస్టల్ ఆఫీసు గదిలో పాత గ్రూపు ఫోటోలు గోడకు ఉన్నాయి. కొన్నిటి కింద పేర్లు లేవు, కొన్నిటికి చెమ్మ పట్టింది. వార్షికోత్సవానికి వచ్చే అన్నలెవరైనా ఆ మొహాలను గుర్తుపడితే, పెన్సిలుతో అయినా సరే, వెనకవైపు పేర్లు రాసి వెళ్ళమని కోరుతున్నాను. రెండో వరసలో కుడినుంచి మూడోవాడిని మా బ్యాచ్ వాళ్ళం ఎంత ఆలోచించినా గుర్తుపట్టలేకపోయాం.