మోతాదు లెక్క తేల్చిన మత్తు డాక్టర్

ఇంటర్వ్యూకి వెళ్తే మిమ్మల్ని ముందుగా అడిగేది ఎక్స్‌పీరియన్స్ ఎంత అనే కదా. 1847 జనవరిలో లండన్‌లో మత్తు ఇవ్వడంలో ఎవరికీ ఎక్స్‌పీరియన్స్ లేదు. ఈథర్ పీల్పించి నొప్పి లేకుండా ఆపరేషన్ చేయొచ్చని అమెరికాలోని బోస్టన్‌లో అందరికీ తెలిసి అప్పటికి మూడు నెలలే. ఆ ఖాళీలోకి అడుగుపెట్టినవాడు జాన్ స్నో. వయసు 33, ప్రాక్టీసు అంతంతమాత్రం.

ఈ పేరు మీరు జీకే పుస్తకాల్లో చూసే ఉంటారు. 1854లో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ తీయించింది ఈయనే. ఆ కథ అందరూ చెబుతారు కాబట్టి వదిలేద్దాం. నన్నడిగితే ఈయన అసలు పనితనం మత్తు దగ్గరే కనిపిస్తుంది.

స్నో 1813లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కూలి పని చేసుకునే కుటుంబంలో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. 14 ఏళ్లకే న్యూకాజిల్‌లో ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. తర్వాత లండన్ వచ్చి చదువుకుని, 1844లో ఎండీ తెచ్చుకున్నాడు.

ఇక ఈథర్ సంగతి. ఒకరికి చక్కగా నిద్ర పట్టేది, ఇంకొకరు మత్తెక్కక గింజుకునేవారు. చాలామంది డాక్టర్లు దీన్ని నమ్మలేమని తేల్చేశారు. స్నో మాత్రం తేడా రోగిలో కాదు, గది వేడిలో ఉందని పట్టుకున్నాడు. ఈథర్ ఆవిరి 10 డిగ్రీల దగ్గర గాలిలో సుమారు 38 శాతం దాకా నిండుతుంది, 20 డిగ్రీల దగ్గర 58 శాతం దాకా. అంటే అదే సీసా, అదే మూత, మోతాదు మాత్రం వేరు! కొద్ది వారాల్లోనే ఆయన వేడికీ ఆవిరికీ లెక్క కట్టి పట్టిక వేశాడు. ఈథర్ గదిని నీళ్లలో ఉంచి, వేడి మారకుండా చూసే పరికరం తయారుచేశాడు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇందులో కంట్రోల్ సిస్టమ్ కనిపించకపోదు.

మత్తు మెదడును ఒక్కసారిగా ఆర్పేయదనీ రాశాడు. ముందు ఆలోచన తడబడుతుంది, తర్వాత మన ఇష్టంతో జరిగే కదలికలు పోతాయి, తర్వాత కండరాలు వదులవుతాయి, చివరికి ఊపిరి. ఇలా ఐదు దశలు గుర్తించాడు. ఐదోది జంతువుల్లోనే చూశాడు, మనుషుల్ని అక్కడిదాకా పోనివ్వకూడదు.

ఇంతలో క్లోరోఫాం వచ్చింది. రుమాలు మీద నాలుగు చుక్కలు వేస్తే చాలు, అందరికీ తెగ నచ్చింది. 1848 జనవరిలో న్యూకాజిల్ దగ్గర 15 ఏళ్ల హనా గ్రీనర్ కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. గోరు కోసం ప్రాణం పోయింది. ఎందుకు?

స్నో జంతువుల మీద పరీక్షించాడు. గాలిలో 4, 5 శాతం ఆవిరి ఉంటే ముందు ఊపిరి ఆగుతుంది, గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. కృత్రిమ శ్వాస ఇచ్చి బతికించే టైమ్ దొరుకుతుంది. 8, 10 శాతమైతే ఆ టైమ్ ఉండదు. ఊపిరితిత్తుల్లోంచి రక్తం నేరుగా వెళ్లేది గుండెకే, గాఢమైన మందు దాన్నే కొట్టేస్తుంది. రుమాలు మీద ఎంత శాతమో ఎవరికి తెలుస్తుంది? అందుకే ఆయన కొలిచి ఇవ్వాలని పట్టుబట్టాడు.

తమాషా ఏమిటంటే, 1853లో విక్టోరియా రాణి కాన్పుకి ఆయన ఇచ్చింది రుమాలు మీదే. కాకపోతే నొప్పి వచ్చినప్పుడల్లా కొన్ని చుక్కలే, 53 నిమిషాలపాటు, స్పృహ పోనివ్వకుండా.

1858 జూన్‌లో క్లోరోఫాం మీద పుస్తకం రాస్తుండగా పక్షవాతం వచ్చింది. ఆరు రోజులకి, 45 ఏళ్లకే పోయాడు. పుస్తకాన్ని మిత్రుడు రిచర్డ్‌సన్ అదే ఏడాది అచ్చు వేయించాడు.

వాదన మాత్రం ఆగలేదు. అది మన హైదరాబాద్‌కీ వచ్చింది. 1888, 1889లలో నిజాం డబ్బుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెండు కమిషన్లు నడిపాడు. కుక్కలు, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, నాడి చూడక్కర్లేదని తేల్చారు. 1911లో లెవీ పిల్లుల మీద చూపించింది వేరు: క్లోరోఫాం తక్కువే ఇచ్చినా, ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. గుండె ముందు ఆగగలదన్న విషయంలో స్నోదే పైచేయి అయింది. గాఢత తగ్గిస్తే చాలన్న విషయంలో మాత్రం కాదు.