సామర్లకోట నుండి కలకత్తాకు: విలియం రాక్స్‌బర్గ్

హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా నగరాన్ని ఆనుకొని ఉన్న శిబ్‌పూర్‌లో 273 ఎకరాల వృక్షోద్యానం ఉంది. 2009 నుండి దానిని ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ వృక్షోద్యానం అని వ్యవహరిస్తున్నారు. ఊడలు దిగి చిన్న అడవిని తలపించే అక్కడి మర్రిచెట్టును చూడడానికే చాలామంది వెళుతుంటారు. ఆ తోటకు 1787లో పునాది వేసినవాడు కర్నల్ రాబర్ట్ కిడ్. దానిని శాస్త్రపీఠంగా తీర్చిదిద్దినవాడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరుపొందిన ఈ విద్వాంసుడు తన శాస్త్రానికి కావలసిన అనుభవాన్ని సంపాదించుకొన్నది మాత్రం గోదావరి సీమలోని సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరోలో వైద్యంతోపాటు జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. మందులలో అధికభాగం మొక్కల నుండే లభించే ఆ రోజుల్లో వైద్యునికి వృక్షజ్ఞానం తప్పనిసరి. ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడిగా కొంతకాలం తిరిగి, 1776లో మద్రాసులో కంపెనీ కొలువులో చేరాడు. రోగులను చూడగా మిగిలిన వేళల్లో, రోజుకు మూడుమార్లు ఎండవేడిమిని, గాలి పీడనాన్ని, వానను కొలిచి రాసిపెట్టేవాడు. ఈ అలవాటు తరువాత కరవు కాలంలో అక్కరకు వచ్చింది.

1781లో ఆయన సామర్లకోట దండుకు వైద్యుడిగా వచ్చాడు. అక్కడ ఒక తోటను పెంచి, మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలి వంటి పంటలను పరీక్షించసాగాడు. రాజమహేంద్రవరం కొండలలో అడవి మిరియాల తీగ కనిపించడంతో ఆయన ఉత్సాహం రెట్టింపయింది. ఇదంతా నిష్కామమైన విద్యాసేవ అనుకోనక్కరలేదు. సుగంధద్రవ్యాల వ్యాపారంలో డచ్చివారిని మించాలని కంపెనీ ఆశించింది. ఆ ఆశ నీడలోనే ఈ తోట పెరిగింది. అయినా పనిలో దిగిన తరువాత రాక్స్‌బర్గ్ దృష్టి లాభనష్టాల లెక్కను దాటిపోయింది. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ ఆయనకు మిత్రుడు, మార్గదర్శి. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ మరణించినప్పుడు చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే.

ఇంతలో పెద్ద విపత్తు వచ్చిపడింది. కాకినాడకు దక్షిణాన ఉన్న ఇంజరంలో సంభవించిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, ఎండబెట్టి భద్రపరచిన మొక్కలు, రాసుకొన్న కాగితాలు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. ఏళ్ల తరబడి చేసిన శ్రమ నీటిపాలయింది. మరొకరైతే అంతటితో చాలించి ఉండేవారేమో! ఆయన మళ్లీ మొదటినుండి మొక్కల సేకరణకు పూనుకొన్నాడు. స్థానిక చిత్రకారులను జీతానికి కుదుర్చుకొని ప్రతి మొక్కకూ ఆకు, పువ్వు, కాయ విడివిడిగా కనిపించేలా రంగుల బొమ్మలు గీయించాడు.

1789 నుండి ఉత్తర సర్కారులలో వానలు వరుసగా విఫలమయ్యాయి. 1792 వరకు సాగిన ఆ కరవులో అసంఖ్యాకులు ఆకలితో మరణించారు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కొలిచిన వర్షపాతపు లెక్కలు ఆ అనావృష్టికి సాక్ష్యాలుగా నిలిచాయి. వరి ఒక్కదానినే నమ్ముకొంటే వాన తప్పిన ఏడు బ్రతుకు తప్పుతుందని గ్రహించి, కొబ్బరి, తాటి, ఈత, పనస, సగ్గుబియ్యపు చెట్టు వంటి ఆహారవృక్షాలను విరివిగా నాటించాలని ఆయన కంపెనీ పెద్దలకు సూచించాడు. వృక్షశాస్త్రం అన్నం పెట్టే విద్య కూడా కావాలన్న తలంపు ఆయనలో స్థిరపడింది ఈ రోజులలోనే.

ఆయన పంపిన వందలాది బొమ్మలలో 300 ఎంపిక చేసి, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో లండనులో మూడు సంపుటాలుగా ప్రచురించారు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన ఆ గ్రంథం తొలి భాగం 1795లో వెలువడింది. అందులో లాటిన్ పేరు పక్కన తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. బట్టలకు ఎర్రరంగు నిచ్చే చిరివేరును, ఆకులనుండి నీలిరంగు తీయదగిన అంకుడు చెట్టును ఆయన శ్రద్ధగా వర్ణించాడు. ఏటికొప్పాక బొమ్మలు చెక్కేది ఈ అంకుడు కర్రతోనే. జ్వరాన్ని తగ్గించే బెరడు గల సోమిద చెట్టునూ లోకానికి పరిచయం చేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగు పేరునే దాని ప్రజాతినామంగా గ్రహించారు. అయితే ఆ పేర్లు చెప్పిన పల్లెవాసులెవరో, ఆ బొమ్మలు గీసిన చేతులెవరివో గ్రంథంలో లేదు. ఈ లోటు చిన్నది కాదు.

1793లో కిడ్ మరణించడంతో కలకత్తా తోట నిర్వహణ రాక్స్‌బర్గ్‌కు దక్కింది. అప్పటికి అక్కడ ఉన్నవి సుమారు 300 జాతులు. 1814లో శ్రీరాంపూరులో విలియం కేరీ ముద్రించిన తోట పట్టికలో వాటి సంఖ్య 3500. ఇరవై ఏళ్లలో సాధించిన పెంపు ఇది. టేకు మొక్కలను పెంచాడు. జనుము, జనపనారల బలాన్ని పరీక్షించాడు. 2500కు పైగా వర్ణచిత్రాలు గీయించాడు.

కొత్త మొక్కలకు పేర్లు పెట్టే అధికారం కూడా ఆయన చేతికి వచ్చింది. రామాయణంలో సుగ్రీవుని ఎదుట రాముడు భేదించిన ఏడు సాలవృక్షాలు మనకు తెలిసినవే. ఆ సాలవృక్షానికి శాస్త్రలోకంలో షోరియా అనే పేరు ఆయన పెట్టినదే. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ గౌరవార్థం పెట్టాడు. సీతాదేవికి నీడనిచ్చిన అశోకం విషయంలో మాత్రం కథ వేరు. సంస్కృత పండితుడు విలియం జోన్స్ పేరు మీద దానిని జోనేసియా అశోక అన్నాడు. కాలక్రమంలో జోన్స్ పేరు తొలగిపోయి సరాకా అన్న పేరు స్థిరపడింది. అశోక శబ్దం చెక్కుచెదరలేదు.

ఆరోగ్యం క్షీణించి 1813లో రాక్స్‌బర్గ్ భారతదేశం విడిచాడు. దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగినప్పుడు కూడా అక్కడి మొక్కల పట్టిక తయారుచేయడం మానలేదు. 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. జీవితకాలపు రచన అయిన ఫ్లోరా ఇండికాను అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు కలగలేదు. ఆ వ్రాతప్రతి కేరీ వద్ద ఉండిపోయింది. 1820లో, 1824లో కొంతభాగం వెలువడింది. చివరకు ఆయన కుమారుల పూనికతో 1832లో మూడు సంపుటాలుగా ముద్రితమైంది. 1890లో భారతీయ వృక్షసర్వేక్షణ సంస్థ ఏర్పడినప్పుడు దాని తొలి సంచాలకుడైన సర్ జార్జ్ కింగ్, రాక్స్‌బర్గ్ తోటకే అధికారి. 1963లో ఆ తోట సర్వేక్షణ సంస్థలో భాగమైంది. రాక్స్‌బర్గ్ గీయించిన బొమ్మల మూలప్రతులు కలకత్తాలోనే నిలిచాయి. వాటి నకళ్లు లండనులోని క్యూ ఉద్యానానికి చేరాయి.