లెక్కలను తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన

విజయవాడ: భూమి కొలత, ధాన్యం పంపకం, వడ్డీ... పల్లెలో ఏది తేలాలన్నా లెక్క రావాలి. ఒకప్పుడు ఆ శాస్త్రం సంస్కృతం వచ్చినవారికే అందేది. దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన ఘనత పావులూరి మల్లనది. తెలుగులో తొలి శాస్త్ర గ్రంథకర్తగా ఆయనకు పేరుంది.

కృష్ణకు దక్షిణాన, కమ్మనాటిలోని పావులూరు ఆయన ఊరు. ఇప్పుడది బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలో ఉంది. ఆ వంశంలో తాత, మనుమడు ఇద్దరూ మల్లనలే. తాతకు రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానమిచ్చాడు. గ్రంథకర్త తాతేనని కొందరు, మనుమడని మరికొందరు పండితులు అంటారు.

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. మల్లన దాన్ని సారసంగ్రహ గణితముగా తెలుగు చేశారు. జనం దాన్ని పావులూరి గణితం అన్నారు. మూలకర్త జైనుడు, మల్లన శివభక్తుడు. అందుచేత జినుని ప్రస్తావనల చోట శివుడు వచ్చాడు.

ఆ గణితంలో చదరంగం లెక్క ప్రసిద్ధమైనది. మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8... ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615. ఈ 20 అంకెలనూ మల్లన ఒకే పద్యంలో ఇమిడ్చారు. వేదాలంటే 4, ఆకాశమంటే 0 అన్నట్లు అంకెకో మాట వేసి, ఒకట్ల స్థానం నుంచి చెప్పారు. తాటాకు ప్రతి రాసేవాడు మాట తప్పితే ఛందస్సు చెడి తప్పు బయటపడే వీలుంది.

ఈ సంఖ్యను ఎవరైనా పరీక్షించవచ్చు. మొదటి గడిలోని 1 బేసి. మిగతా 63 గళ్లలోవన్నీ సరి సంఖ్యలు. సరి సంఖ్యలు ఎన్ని కలిపినా సరే వస్తుంది. దానికి 1 చేరితే బేసి. కాబట్టి మొత్తం బేసి కావాలి, అలాగే ఉంది. చివర 5 ఉంది గనుక 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది గనుక మొత్తమూ 3తో పోతుంది. 1తోనూ తనతోనూ మాత్రమే భాగించబడేది ప్రధాన సంఖ్య. ఇది అలాంటిది కాదు, సంయుక్త సంఖ్య. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం.

లెక్క తన భాషలో ఉంటే ఒకరు చెప్పింది నమ్మనక్కరలేదు, తానే సరిచూసుకోవచ్చు. సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితమే మల్లన తెలుగువారికి ఆ వీలు కల్పించారు.